పన్నెండు దగ్గర ఆగిపోయిన గాలి

ఆరా అత్తయ్య ఆఫీసుకి భయం లేకుండా వచ్చినవాళ్ళు ఇంతవరకూ ఇద్దరే. ఒకరు కరెంటు మీటరు చూసే మనిషి, రెండోది పక్కింటి పిల్లి. మిగతావాళ్ళంతా గుండె చేత్తో పట్టుకునే మెట్లెక్కుతారు. ఆ రోజు ఉదయం పదిగంటలకి వచ్చినామె గుండెతో పాటు ఒక గుర్తింపు కార్డు కూడా పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఆరా అత్తయ్యగారంటే..."

"నేనే. కూర్చో. తమ్ముడికి ఏమైంది?"

పక్క బల్ల దగ్గర ఉన్న అల్లుడి నోరు తెరుచుకుంది. అతను అత్తయ్యకి అన్నగారి కొడుకు. వయసు నలభై, పొట్ట యాభై. అత్తయ్య దగ్గినా అందులో ఏదో ఆధారం ఉంటుందని అతని నమ్మకం.

"ఎలా కనిపెట్టావత్తయ్యా?"

"కార్డు మీద మగాడి ఫొటో. ముక్కు చూడు, ఈ అమ్మాయి ముక్కే అచ్చుగుద్దినట్టుంది. వయసు ఈమె కన్నా తక్కువ. ఇంక తమ్ముడు కాకపోతే తాతయ్యా? నోరు ముయ్యి, ఈగలు దూరతాయి."

అత్తయ్య ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి, ఊరందరి మాటలూ వినీవిననట్టు విన్న మనిషి. రిటైరయ్యాక ఊరుకోలేక 'ఆరా డిటెక్టివ్ సర్వీస్' అని బోర్డు పెట్టింది. భూతద్దం లేదు, పిస్తోలు లేదు. రెండు చెవులున్నాయి, అంతే.

వచ్చినామె బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఆమె తమ్ముడు రేవులో సరుకు ఎత్తే యార్డులో క్రేన్ ఆపరేటరు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"నిన్న మూడింటికి గాలి మరీ ఎక్కువగా ఉందని మావాడు క్రేన్ ఆపేశాడమ్మా. గంటకి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు దాటితే ఆపాలని యార్డు రూలు. కానీ ఆఫీసులో గాలి టీవీ మాత్రం పన్నెండే చూపించిందట. ఓడ ఒక పూట ఆలస్యమైంది. పని ఎగ్గొట్టడానికి అబద్ధమాడావని మేనేజరుగారు ఇవాళ నాలుగింటికి వాణ్ణి పనిలోంచి పంపించేస్తున్నారు. పైగా లైసెన్సు పుస్తకంలో 'అబద్ధం చెప్పి పని ఆపాడు' అని రాస్తారట. అది పడితే ఇంక ఏ యార్డువాళ్ళూ వాణ్ణి గేటు కూడా దాటనివ్వరు."

"గాలి టీవీ ఏమిటి?" అన్నాడు అల్లుడు.

"స్తంభం మీద గాలి కొలిచే గిన్నెలు తిరుగుతాయండీ. ఆ లెక్కలన్నీ కంప్యూటర్లో బొమ్మల్లాగా కనిపిస్తాయి. యార్డులో అందరూ గాలి టీవీ అంటారు."

"క్యాబిన్లో మీటరు లేదా?" అంది అత్తయ్య.

"అది పాడై రెండు నెలలైంది. కొక్కెం ఊగడం చూసి ఆపాడు."

"మీవాడు అసలు అబద్ధాలే ఆడడంటావ్?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఆడతాడమ్మా. ఎందుకు ఆడడు? మా బావగారి గొడుగు పోగొట్టి కాకి ఎత్తుకుపోయిందన్నాడు. కానీ క్రేన్ మీద ఉన్నప్పుడు ఆడడు. కింద మనుషులుంటారు."

అత్తయ్య లేచి చెప్పులు తొడుక్కుంది. "పద అల్లుడూ. గొడుగు ఎత్తుకుపోయే కాకి ఎలాగూ దొరకదు, గాలినైనా పట్టుకుందాం."

యార్డు మేనేజరు వాళ్ళని చూసి కోప్పడలేదు, నవ్వాడు. కేసు గెలిచినవాడి నవ్వు అది. గొంతు మాత్రం బొంగురుగా ఉంది.

"డిటెక్టివ్‌ని తెచ్చుకుందా వాళ్ళక్క? రండమ్మా, చూసుకోండి. మనుషులు అబద్ధమాడతారు గానీ గాలి టీవీ ఆడదు."

"గొంతుకేమైంది బాబూ?"

"నిన్న మూడింటి నుంచి అయిదున్నర దాకా క్రేన్ కింద నిలబడి, 'పని మొదలుపెట్టరా, లేకపోతే దిగరా' అని అరిచీ అరిచీ ఇలా అయింది. యార్డు మొత్తం సాక్ష్యం."

"మరి అంతసేపు కింద నిలబడ్డారుగా, మీకు గాలి తగల్లేదూ?"

"క్రేన్ చుట్టూ కొండల్లాగా కంటెయినర్లున్నాయండీ. కింద గాలి ఏం తెలుస్తుంది? పైన తెలుస్తుందంటాడు వాడు. పైనున్న గిన్నెలేమో పన్నెండంటున్నాయి. ఎవర్ని నమ్మమంటారు?"

గాలి టీవీ గది మేడ మీద ఉంది. ఒకే తలుపు, తాళంచెవులు రెండు: ఒకటి మేనేజరు దగ్గర, రెండోది గుమాస్తా దగ్గర. కిటికీ ఉంది గానీ, దాని ఎదురుగా గోడౌను గోడ. లోపల ఏసీ హోరు తప్ప ఇంకేం వినపడదు. బయట ఓడ ఎగిరిపోయినా ఆ గదిలో క్యాలెండరు కాగితం కదలదు.

పెద్ద తెర మీద గాలి వేగం, దిక్కు, ఎండ, తేమ అన్నీ రంగురంగుల గడియారాల్లాగా ఉన్నాయి. కింద మూలలో టైము సెకన్లతో సహా పరుగెడుతోంది. తెర పక్కన గోడకి నల్లటి రిసీవరు డబ్బా తగిలించి ఉంది. స్తంభం మీంచి వచ్చే లెక్కల్ని పట్టి కంప్యూటరుకి అందించేది అదే.

తెర ముందు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. యార్డులో అందరికీ బాబాయే. రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. ఏసీలో కూడా నుదుటి మీద చెమట.

"ఈయనకి కంప్యూటరంటే దెయ్యం" అన్నాడు మేనేజరు. "అయినా ఈ పాత రేకుడబ్బాతోనే నెట్టుకొస్తున్నాం. ఏం బాబాయ్?"

గుమాస్తా నవ్వాడు. పెదాలు నవ్వాయి గానీ కళ్ళు కిందికి చూశాయి.

మేనేజరు నిన్నటి లెక్కల కాగితం తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు. నిమిషానికో వరుస ఉంది. ఆమె కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి వేలితో చదివింది.

"ఒంటిగంటకి పధ్నాలుగు. తర్వాత ఇరవై తొమ్మిది. పన్నెండు. ముప్పై నాలుగు. పదహారు... ఇదేం గెంతులు?"

"అప్పుడు సాఫ్ట్‌వేరుకి ఏదో తేడా వచ్చిందండీ. బాబాయ్ కంపెనీవాళ్ళ సపోర్టుకి ఫోన్ చేసి బాగుచేయించాడు. ఒంటిగంటా ఎనిమిది నుంచి చూడండి, ఎంత బుద్ధిగా ఉందో. పన్నెండు, పన్నెండు, పన్నెండు..."

"ఎండ కూడా ముప్పై మూడు పాయింటు రెండు, ముప్పై మూడు పాయింటు రెండు. గాలి దిక్కూ అంతే" అంటూ అత్తయ్య కాగితం చివరికి వెళ్ళింది. "అయిదూ పదికి నలభై మూడు!"

"సాయంత్రం లేచిందండీ గాలి. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ మూడింటికి లేదుగా?"

"అయిదూ తొమ్మిదికి పన్నెండు, అయిదూ పదికి నలభై మూడు. గాలికి బస్సు దొరికినట్టుంది" అంది అత్తయ్య. అని గుమాస్తా వైపు తిరిగింది. "సపోర్టుకి ఫోన్ చేసింది రిజిస్టర్లో రాశారా బాబాయ్‌గారూ?"

రాశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'ఒంటిగంటా అయిదు. నంబర్లు గెంతుచున్నవి. సపోర్టు వారికి ఫోను. వారు చెప్పిన ప్రకారం తీయడమైనది. నంబర్లు నిలిచినవి.'

"ఏం తీశారు?"

"వాళ్ళేం చెప్తే అదేనమ్మా. మనకేం తెలుసు" అంటూ ఆయన బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు.

"నిన్న సాయంత్రం అయిదింటికి ఎక్కడున్నారు?"

"టీకి కిందికి దిగానమ్మా. మళ్ళీ వచ్చేశాను. తాళం వేసి ఆరింటికి ఇంటికెళ్ళాను."

"అల్లుడూ, ఆ డబ్బా మీద సపోర్టు నంబరు అంటించి ఉంది, రాసుకో."

అల్లుడు డబ్బా దగ్గరికి వెళ్ళి, తల పక్కకి వాల్చి, ఇంకా వాల్చి, చివరికి నడుం కూడా వంచి, మూలుగుతూ ఒక్కో అంకే చదివాడు. అత్తయ్య అతన్నే చూస్తూ నిలబడింది.

"ఏంటత్తయ్యా, అలా చూస్తున్నావ్?"

"నీకు ఇంత ఒళ్ళు వంగుతుందని ఇన్నాళ్ళూ తెలీదురా."

ఆపరేటరు గేటు పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. క్రేన్ ఎక్కనివ్వకపోతే ఎక్కడ కూర్చోవాలో అతనికి తెలిసినట్టు లేదు. అక్క పక్కనే నిలబడి అతని చొక్కా మీద ఊడిన దారం పీకుతోంది.

"నిన్న గాలి ఎప్పుడు మొదలైంది?" అంది అత్తయ్య.

"పన్నెండున్నర నుంచేనండీ. మొదట ఉయ్యాల గాలి."

"అదేం గాలి?"

"ఒకసారి తోస్తుంది, మళ్ళీ వదిలేస్తుంది. మళ్ళీ తోస్తుంది. కొక్కెం ఊగుతూ ఉంటుంది. అది వస్తే రెండు మూడు గంటల్లో అసలుది వస్తుందని మా లెక్క. మూడింటికి వచ్చింది. కొక్కేనికి నీళ్ళ ట్యాంకు వేలాడుతోంది, కింద నలుగురున్నారు. మెల్లిగా దించేసి ఆపేశాను. తర్వాత ఆయన అరుస్తూనే ఉన్నాడు, నేను కదల్లేదు."

"భయం వేయలేదా?"

"మేనేజరంటేనా? వేసింది. ట్యాంకంటే ఇంకా ఎక్కువ వేసింది."

అత్తయ్య సపోర్టుకి ఫోన్ కలపమంది. అల్లుడు స్పీకరు పెట్టాడు. ఒకటి నొక్కమన్నారు, నొక్కాడు. నాలుగు నొక్కమన్నారు, నొక్కాడు. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని పాట అందుకున్నారు. పదకొండు నిమిషాల పాటు పాట.

"ముఖ్యమైతే ఎత్తొచ్చుగా!" అంది అత్తయ్య మండిపడుతూ. "మా ఎక్స్చేంజిలో మూడో రింగు దాటితే సూపర్‌వైజరు మా నెత్తి మీద నిలబడేది."

చివరికి ఒక అమ్మాయి గొంతు పలికింది. చెప్పిందంతా విని, నిన్నటి రికార్డు తీసింది. అదృష్టం బాగుండి, నిన్న మాట్లాడింది కూడా ఆమే.

"గుర్తుందండీ. పెద్దాయన. నంబర్లు గెంతుతున్నాయన్నారు. ముందు రిసీవరులో లైటు ఏ రంగులో ఉందో చూద్దామని 'ఆ నల్ల డబ్బా తీయండి' అన్నాను. 'తీశానమ్మా' అన్నారు. లైటు సంగతి అడగబోతుంటే, 'నిలబడ్డాయి తల్లీ, చల్లగా ఉండు' అని పెట్టేశారు. మళ్ళీ రెండుసార్లు చేశాను, బిజీ వచ్చింది. సమస్య తీరిందని రాసి మూసేశాను."

"నువ్వన్న మాట సరిగ్గా అదేనా? ఇంకోసారి చెప్పమ్మా."

"'డబ్బా తీయండి' అన్నానండీ. ఏం, తప్పా?"

"తప్పు నీది కాదులే, మన తెలుగుది. నాలుగింటికి మళ్ళీ చేస్తాను. పాట లేకుండా ఎత్తు తల్లీ."

అల్లుడు బుర్ర గోక్కున్నాడు. "నాకేం అర్థం కాలేదత్తయ్యా."

"అర్థమైతే నువ్వు కుర్చీలో కూర్చునేవాడివి, నేను నీకు టీ తెచ్చేదాన్ని. పద."

నాలుగింటికి గాలి టీవీ గదిలో అందరూ చేరారు. మేనేజరు చేతిలో సంతకానికి సిద్ధంగా కాగితం. తలుపు దగ్గర ఆపరేటరు, అతని అక్క. తన కుర్చీలో గుమాస్తా. బల్ల మీద అల్లుడి ఫోను, అందులో సపోర్టు అమ్మాయి. తెర మీద గాలి పద్దెనిమిది, పదిహేడు, పంతొమ్మిది అంటూ నెమ్మదిగా కదులుతోంది.

"సంతకానికి ముందు చిన్న ఆట" అంది అత్తయ్య. "మేనేజరుగారూ, ఆ నల్ల డబ్బా తీయండి."

మేనేజరు విసుక్కుంటూ వెళ్ళి, డబ్బా పక్కనున్న క్లిప్పు నొక్కి మూత తెరిచాడు. లోపల పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. "తీశాను. అయితే?"

"ముయ్యండి. ఇప్పుడు బాబాయ్‌గారు. ఆ నల్ల డబ్బా తీయండి."

గుమాస్తా లేచాడు. డబ్బా ముందు నిలబడ్డాడు. చేతులు దాని రెండు వైపులా పట్టుకున్నాయి, ముందుకి లాగాయి, వెనకనున్న పలక లోంచి పిన్నులు టక్కున ఊడాయి. డబ్బా ఆయన చేతుల్లోకి వచ్చేసింది. అప్పుడు గానీ ఆయనకి తెలియలేదు తను ఏం చేశాడో. డబ్బాని గుండెకి హత్తుకుని అలాగే నిలబడిపోయాడు.

"అందరూ తెర చూడండి" అంది అత్తయ్య.

తెర మీద పంతొమ్మిది. పంతొమ్మిది. ఒక నిమిషం గడిచింది, పంతొమ్మిదే. ఎండ కదల్లేదు, దిక్కు కదల్లేదు. కింద గడియారం మాత్రం ఏమీ జరగనట్టు పరుగెడుతోంది.

"ఆగిపోయింది" అన్నాడు అల్లుడు గుసగుసగా.

ఫోన్లోంచి సపోర్టు అమ్మాయి గొంతు వచ్చింది. "రిసీవరు ఊడితే చివరగా వచ్చిన లెక్కే తెర మీద ఉండిపోతుందండీ. అయ్యో... నేను తెరవమన్నాను కదా!"

"తలుపు తీయమంటే తెరుస్తాం. చొక్కా తీయమంటే విప్పుతాం. ఒకటే మాట" అంది అత్తయ్య. "నువ్వు మూత అనుకున్నావు, ఆయన మొత్తం ఊడబెరికాడు. రిజిస్టర్లో కూడా దాచలేదు పాపం, 'తీయడమైనది' అని రాశాడు. మనమే ఎవరికి తోచినట్టు వాళ్ళం చదువుకున్నాం. ఊడదీయగానే గెంతుతున్న నంబర్లు టక్కున ఆగాయి. రోగం కుదిరిందని ఆయన సంతోషపడ్డాడు. అసలు ఆ మధ్యాహ్నం ఈ మిషనుకి ఏ రోగమూ లేదు."

"మరి గెంతులో?" అన్నాడు మేనేజరు.

"పధ్నాలుగు, ఇరవై తొమ్మిది, పన్నెండు, ముప్పై నాలుగు. తోస్తుంది, వదిలేస్తుంది. ఈ అబ్బాయి కొక్కెం చూసి చెప్పిన ఉయ్యాల గాలి అదే. పైన ఇతనికి కొక్కెం చెప్పింది, కింద మీకు గాలి టీవీ చెప్పింది. ఇద్దరూ నిజమే చెప్పారు. మీరు ఒకళ్ళని బాగుచేయించారు, ఇంకొకళ్ళని పంపించేస్తున్నారు."

మేనేజరు కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు. "సరే. కానీ అయిదూ పదికి మళ్ళీ ఎలా పనిచేసింది?"

"ఎవరో తిరిగి తగిలించారు. తాళంచెవులు రెండే. మీరు అయిదున్నర దాకా క్రేన్ కింద అరుస్తున్నారు, మీ గొంతే సాక్ష్యం. తగిలించినవాళ్ళు కంగారులో తలకిందులుగా తగిలించారు. అందుకే మావాడు నంబరు చదవడానికి గోడకి వేలాడాల్సి వచ్చింది. అంతకుముందు మధ్యాహ్నం బాబాయ్‌గారు అదే నంబరు చూసి ఫోన్ చేశారు. అప్పటికి అది సరిగ్గానే ఉండాలి." అత్తయ్య గొంతు తగ్గించింది. "తీయడం తప్పు కాదు బాబాయ్‌గారూ. మాట అలాంటిది. కానీ అయిదింటికి టీకి దిగినప్పుడు మీకు తెలిసిపోయింది. ఆ తర్వాత నోరు మెదపకపోవడం ఉంది చూశారూ..."

గుమాస్తా డబ్బాని బల్ల మీద పెట్టాడు. 

"టీకొట్టు రేకు ఎగిరిపోయిందమ్మా" అన్నాడు. "నా కళ్ళ ముందే. ఇంత గాలిలో పన్నెండేంటి అనుకున్నాను. పరుగెత్తుకొచ్చి తగిలించాను. చెబుదామనే అనుకున్నాను. ఈయన ఏమంటాడో తెలుసుగా... రేకుడబ్బా అన్నమాట రోజూ వింటున్నాను. డబ్బా తీయమంటే తెరవడమో ఊడదీయడమో కూడా తెలీదా అని యార్డంతా నవ్వుతారనుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున కూడా ధైర్యం చాల్లేదు." ఆపరేటరు వైపు చూడలేక గోడ వైపు చూశాడు. "నీ పుస్తకంలో రాసేస్తారని తెలిసి కూడా ఊరుకున్నాను రా అబ్బాయ్."

 ఆపరేటరు అక్క ఒక అడుగు ముందుకి వేసింది. ఆమె కళ్ళలో కోపం ఉంది, అది న్యాయమైన కోపమే, ఎవరూ దాన్ని చల్లార్చబోలేదు.

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "నాతో చెప్పుంటే నేను..."

"నవ్వేవారు" అంది అత్తయ్య.

మేనేజరు చేతిలో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. రిజిస్టరు గుమాస్తా ముందుకి జరిపాడు. "మీరే రాయండి బాబాయ్‌గారూ." ఆ 'గారు' మేనేజరు నోట మొదటిసారి వినబడింది.

గుమాస్తా రాశాడు. అక్షరం ఒక్కటీ చెదరలేదు. 'నిన్న ఒంటిగంటా ఎనిమిది మొదలు అయిదూ పది వరకు గాలి కొలవబడలేదు. కారణం నేను. క్రేన్ ఆపరేటరు చేసినది సరియైనది.' కింద సంతకం పెట్టి, ఆపరేటరు ముందు నిలబడ్డాడు.

"నన్నేం చేయమంటావో చెప్పు."

ఆపరేటరు ఆయన వైపు తిరిగాడు. "ఎన్నేళ్ళ నుంచి ఇక్కడున్నారు బాబాయ్?"

"ముప్పై ఒకటి."

"ఒక్కసారన్నా పైకి ఎక్కారా?"

"నాకు పైన ఏం పని?"

"రండి."

మెట్లు నూట నాలుగు. గుమాస్తా ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగాడు, నలభయ్యో దానికి దేవుణ్ణి తలుచుకున్నాడు, అరవయ్యో దానికి ఆపరేటరుని తిట్టాడు. ఆపరేటరు ఆయన వెనకే ఒక చేయి అడ్డంపెట్టి ఎక్కాడు. కంటెయినర్ల ఎత్తు దాటగానే గాలి వచ్చి ముసలాయన చొక్కాని తెరచాపలా ఉబ్బించింది. ఆయన రెండు చేతులా కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కింద అక్క తల పైకెత్తి చూస్తోంది.

"ఎంతుంటుంది బాబాయ్?" అన్నాడు ఆపరేటరు.

"నాకేం తెలుస్తుందిరా!"

"కళ్ళు తెరిచి కొక్కెం చూసి చెప్పండి."

గుమాస్తా ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. కొక్కెం అటు కొంచెం, ఇటు కొంచెం ఊగుతోంది. ఆయన దాన్నే చూశాడు, ముప్పై ఏళ్ళు రిజిస్టరు రాసినంత శ్రద్ధగా. కమ్మీ మీంచి ఒక చేయి తీసి నోటికి అడ్డంపెట్టుకున్నాడు.

"ఇరవై నాలుగు!" అని కిందికి అరిచాడు.

డబ్బా తిరిగి తగిలించి ఉన్న గది తలుపు లోంచి మేనేజరు తల బయటికి వచ్చింది. బొంగురు గొంతు చించుకుని అరిచాడు. "ఇరవై అయిదు!"

ఆపరేటరు క్యాబిన్లో కూర్చుని సైరను మోగించాడు. కొక్కెం మెల్లగా నీళ్ళ ట్యాంకు మీదికి దిగింది.